బోర్డు మీది దొంగ

నాగరత్న మేడం పాఠంలో రోజుకొక దొంగ ఉండేవాడు. మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివిన వాళ్ళందరికీ ఇరవై ఏడేళ్ళుగా తెలిసిన సంగతే ఇది. గంటసేపు పాఠం చెబుతూ బోర్డు మీద ఎక్కడో ఒకచోట మేడం కావాలనే ఒక తప్పు రాసేవారు. పాఠం అయ్యాక సుద్దముక్క బల్ల మీద పెట్టి, "దొంగ యాడుండాడో పట్టుకోండి" అని కుర్చీలో కూర్చునేవారు. వాడు దొరికేదాకా ఎవరూ క్యాంటీన్ వైపు చూడటానికి లేదు. దొరికాక ఎన్ని నిమిషాలు పట్టిందో బోర్డు మూలన రాసేవారు. మా బ్యాచ్‌కు బాగా తక్కువ పట్టింది రెండు నిమిషాలు, సిగ్గుపడాల్సింది యాభై రెండు. ఆ యాభై రెండు నిమిషాల నాటి దొంగను నేను నోట్సులో ఎర్ర ఇంకుతో డబ్బా కట్టి మరీ రాసుకున్నాను.

నా పేరు సోమశేఖర్. చదువయ్యాక కంప్యూటర్ల వైపు మళ్ళి, తిరిగి అదే కాలేజీలో ఉద్యోగంలో చేరాను. "అనువు" అనే ప్రోగ్రాం తయారుచేసింది నేనే. కాబట్టి ఈ కథలో తప్పెవరిదని వెతికే శ్రమ మీకు అక్కర్లేదు.

దాన్ని తయారుచేయడానికి కారణం మా అమ్మాయి చేతన. ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరం దాని ఎడమ చెవిని పూర్తిగా, కుడి చెవిని సగం తీసుకుపోయింది. మనుషుల పెదాలు చూసి మాట చదవడం అదే నేర్చుకుంది, ఎవరూ నేర్పలేదు. కానీ క్లాసులో మాస్టారు బోర్డు వైపు తిరిగాడంటే దానికి పాఠం అక్కడికి అయిపోయినట్టే. మా కాలేజీలోనే ఎలక్ట్రికల్‌లో చేరాక మొదటి ఏడాది మూడు సబ్జెక్టులు పోయాయి. ధ్యాస లేదని ఇద్దరు లెక్చరర్లు నాకే ఫిర్యాదు చేశారు. అదే పాఠాలు రికార్డు వీడియోలుగా, కింద అక్షరాలతో పెట్టి ఇంట్లో కూర్చోబెడితే, ఆపి, వెనక్కి పోయి, పదిసార్లు చూసి, సప్లిమెంటరీలో మూడూ ఒక్క దెబ్బకు పాసైంది.

అప్పుడు నన్నొక పురుగు తొలిచింది. ఇదే వీడియో దాని పక్కింటి స్నేహితురాలికి జోలపాటలా పనిచేసింది. ఇంకొకడు రెండింతల వేగంతో చూసి అంతా వచ్చేసిందనుకుని పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇంగ్లిష్ మాట దగ్గరల్లా ఆగిపోయారు. వీడియో అందరికీ ఒకటే, చూసేవాళ్ళే ఒకటి కాదు. మరి చూసేవాణ్ణి బట్టి వీడియోయే మారితే?

నాగరత్న మేడం పాఠాలు ముప్పై రెండు గంటలు రికార్డు చేశాం. కెమెరా ముందు బోర్డు పక్కన నిలబడి మొదటిరోజు ఆమె ఇబ్బంది పడ్డారు. "ఎవరి మొగం చూసి చెప్పల్లప్పా?" అన్నారు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీడియోల్లో కూడా ముప్పై రెండు పాఠాలకూ ముప్పై ఇద్దరు దొంగలను పెట్టారు. పాఠం చివర ప్రశ్న అడిగి రెండు నిమిషాలు ఊరుకుని, ఆ తర్వాత తప్పు ఎక్కడుందో చూపి సరిదిద్దేవారు. చివరి రోజు మెట్లు దిగుతూ, దొంగలను ఉంచుతావు కదా అని అడిగారు. ఉంచుతానని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. నా చేత్తో ఒక్కణ్ణి కూడా తీయలేదు.

అనువు చేసే పని చెప్పడానికి తేలిక. వీడియో చూస్తున్న పిల్లవాడి మొహాన్ని ఫోన్ కెమెరా చూస్తూ ఉంటుంది. కనుబొమలు ముడిపడితే అక్కడ పాఠం గుచ్చుకుందని అర్థం. మరుసటిసారి ఆ ముక్కను నెమ్మదిగా చెబుతుంది, వేరే ఉదాహరణ ఇస్తుంది, లేదా ఆ ముక్కనే తీసేస్తుంది. మేడం గొంతును, మొహాన్ని అతికించి, ఆమె ఎన్నడూ అనని మాట కూడా ఆమె చేత అనిపిస్తుంది. ముడి విడితే ఆ రూపాన్నే ఉంచుకుంటుంది. దానికి నేను రాసిన సూత్రం ఒక్కటే: ముడి పడితే విప్పు. ఆ మూడు ముక్కలు నాకెంత నచ్చాయంటే, పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించుకున్నాను.

ఒక సెమిస్టర్ గడిచేసరికి రెండువందల పన్నెండు మంది పిల్లలకు రెండువందల పన్నెండు మంది నాగరత్న మేడంలు తయారయ్యారు. పాలకేంద్రం నడిపే వాళ్ళ అమ్మాయికి ట్రాన్స్‌ఫార్మర్ పాఠం పాలకొలతలతో చెప్పే మేడం. పొద్దున్నే పెట్రోల్ బంకులో పనిచేసి వచ్చే అబ్బాయికి పన్నెండు నిమిషాలకొకసారి ఆగే మేడం. మా చేతనకు ఎప్పుడూ మొహం ఇటే తిప్పి ఉంచే మేడం. పాసైనవాళ్ళు నూటికి అరవై ఒకటి నుంచి తొంభై ఏడుకు పెరిగారు. ప్రిన్సిపాల్ నాకు శాలువా కప్పి ఫోటో తీయించి ఆఫీసులో తగిలించారు. అసలు మేడంకు ఇక క్లాసులు లేవు. తన గదిలో కూర్చుని ల్యాబ్ రికార్డులు దిద్దుకుంటూ ఉండేవారు.

ఇంట్లో చేతన అన్నం తింటూ వాళ్ళమ్మకు మేడం వేసిన జోకులు చెప్పేది. క్లాసు గురించి మా అమ్మాయి నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు, నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. పిల్లలు కలిసి చదువుకోవడం మానేశారని మాత్రం ఒకసారి మా ఆవిడ అంది. చేతన స్నేహితురాళ్ళు ఇంటికి రావడం లేదట. ఒకరి పాఠం ఇంకొకరి పాఠంలా లేకపోతే కూర్చుని ఏం మాట్లాడుకుంటారు? కొత్తలో అంతేలే అన్నాను.

ఫిబ్రవరిలో మూడో సంవత్సరం పిల్లలు విడతలు విడతలుగా సబ్‌స్టేషన్‌కు ట్రైనింగ్‌కు పోతారు. మొదటి విడతలో పోయిన ఇంతియాజ్ అనే కుర్రవాడి చెయ్యి గురువారం కాలింది. అక్కడ ఒక లైన్ ఆపి, దాని మీద పని చేయాలి. అక్కడివాళ్ళు పొరపాటున పక్క లైన్ ఆపారు. నువ్వు చెయ్యప్పా అని, లైన్‌ను నేలకు కలిపే ఎర్త్ రాడ్‌ను ఇంతియాజ్ చేతికిచ్చారు. లైన్‌లో కరెంటు ఉందో లేదో ముందు టెస్టర్‌తో చూసి, లేదని తేలాకే ఎర్త్ రాడ్ తగిలించాలి. అతను నేరుగా రాడ్ తగిలించాడు. పదకొండు వేల వోల్టుల మెరుపు లేచింది.

మేడమూ నేనూ ఆసుపత్రికి పోయాం. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. చిటికెనవేలు, ఉంగరపువేలు ఇక వంగవని డాక్టరు బయటే చెప్పాడు. మేడంను చూసి కుర్రవాడు లేవబోయాడు.

"మీరు చెప్పినట్లే చేసినా మేడం," అన్నాడు. "ముందు ఎర్త్ రాడ్, ఆ తర్వాత టెస్టర్. ఏమీ మర్చిపోలేదు."

నేను అట్లా చెప్పలేదని మేడం అనలేదు. నొప్పి ఎట్లుంది నాయనా అని మాత్రం అడిగి, అతని ఎడమచేతిని కాసేపు పట్టుకుని కూర్చున్నారు.

నేను తిన్నగా ల్యాబ్‌కు పోయి ఇంతియాజ్ మేడంను తెరిచాను. ఇరవై మూడో పాఠం, ముప్పై ఒకటో నిమిషం. మేడం బోర్డు మీద వరుస రాస్తున్నారు: స్విచ్ ఆపాలి, లైన్‌ను విడదీసే ఐసోలేటర్ తెరవాలి, తాళం వేయాలి, ఎర్త్ రాడ్ తగిలించాలి, టెస్టర్‌తో చూడాలి. చివరి రెండూ తారుమారు. అది ఆ రోజు దొంగ. రికార్డు చేసినప్పుడు నేను ఎదురుగా కూర్చుని నవ్వుకున్నాను కూడా. అసలు వీడియోలో పాఠం చివర ప్రశ్న, రెండు నిమిషాల మౌనం, సరిదిద్దడం ఉన్నాయి. ఇంతియాజ్ వీడియోలో అవేమీ లేవు. వరుస రాసి, చిరునవ్వు నవ్వి, మేడం తర్వాతి విషయంలోకి పోయారు.

ప్రోగ్రాం తాను చేసిన మార్పులన్నీ రాసుకునే లాగ్ చదివితే ఎందుకో తెలిసింది. ప్రశ్న దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి, తీసేసింది. మౌనం దగ్గర ముడిపడ్డాయి, తీసేసింది. మేడం సరిదిద్దేటప్పుడు, ఇంత తేలిక తప్పు కనిపెట్టలేకపోయానే అని సిగ్గుపడ్డచోట మళ్ళీ ముడిపడ్డాయి, తీసేసింది. తప్పు రాసినచోట మాత్రం కుర్రవాడి మొహం హాయిగా ఉంది, దాన్ని ఉంచింది. దొంగ లోపలికి వచ్చేటప్పుడు ఎవరి మొహమూ ముడిపడదు. వెతికేటప్పుడే పడుతుంది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళను బయటికి పంపి, దొంగకు మంచం వేసి పడుకోబెట్టింది నా ప్రోగ్రాం. చెప్పినట్టే చేసింది పాపం.

ఆ పాఠానికి అందరి లాగులూ తీశాను. నూటడెబ్బై ఒక్కమంది వీడియోల్లో అదృష్టం కొద్దీ దొంగతో సహా మొత్తం ముక్కే ఎగిరిపోయింది. నలభై ఒక్కమంది వీడియోల్లో దొంగ మిగిలాడు. వాళ్ళలో ఒకడు ఆసుపత్రిలో ఉన్నాడు. మిగతా నలభైమంది జాబితాలో పదిహేడో పేరు మా చేతనది. వాళ్ళంతా రెండో విడత, సోమవారం ట్రైనింగ్‌కు పోవాలి.

శుక్రవారం పొద్దున ఉగ్గాని తింటూండగా చేతనకు సరైన వరుస చెప్పాను. ముందు టెస్టర్, తర్వాతే ఎర్త్ రాడ్ అన్నాను. అది నా పెదాలు చూసి, తల ఊపి, నవ్వింది. "వీడియోలో వేరే మాదిరి ఉండాది నాయనా. మేడం తప్పు చెప్తుందా? నువ్వు కంప్యూటర్ల వానివి కదా, నీకు గుర్తుండదులే," అంది. వేరే ఏ రోజైనా అయితే నేనూ నవ్వేవాణ్ణి.

నలభైమందికీ ఆ తప్పు ఎక్కడుందో రాసి పంపుదామని జాబితా తీసుకుని మేడం గదికి పోయాను. అప్పటికే ఆమె బల్ల మీద సంజాయిషీ నోటీసు ఉంది. విచారణ కమిటీ తిలాపాపం తలా పిడికెడు పంచుతూ, ఎక్కువ పిడికెళ్ళు ఆమెకే వేసింది, వీడియోలో ఉన్నది ఆమె మొహమే కదా. దాన్ని పక్కకు జరిపి నా జాబితా చదివారు. చదివి మడిచి నా జేబులోనే పెట్టారు.

"నువ్వు చూపిస్తే చూస్తారు. రేపు సబ్‌స్టేషన్లో ఎవరు చూపిస్తారప్పా?"

నేను బతిమాలాను. ఇంకెవరికీ వద్దు, మా అమ్మాయికి ఒక్కదానికైనా చెప్పండి, మీరు చెబితే నమ్ముతుంది అన్నాను. అట్లా అడిగినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"నేను చెప్తే నమ్ముతాదనే కదప్పా ఇంత దూరం వచ్చింది," అన్నారు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ పాపనే పట్టుకోనీ."

శనివారం పొద్దున పదిగంటలకు సెమినార్ హాల్లో నలభైమందినీ కూర్చోబెట్టాం. ఎవరి ఇరవై మూడో పాఠం వాళ్ళ ముందు, కెమెరాలు ఆపేసి పెట్టాం. ఇందులో ఒక దొంగ ఉన్నాడు, సాయంత్రం అయిదులోపు పట్టుకోనివాళ్ళు సోమవారం బస్సు ఎక్కరు, ట్రైనింగ్ మళ్ళీ వచ్చే ఏడాదే అని మేడం చెప్పారు. తప్పు మీరు చెప్పి వెతకడం మాకా అని ఒకడు గొణిగాడు. ఒక అమ్మాయి అరగంటకే ఏడ్చింది. ఏడాదిన్నరగా ఏ పాఠమూ ఆ పిల్లను అంతసేపు ఇబ్బంది పెట్టలేదు మరి. చెప్పించుకోవడం అలవాటైనవాళ్ళకు వెతకడం ఎంత కష్టమో ఆ గదిలో చూశాను.

పన్నెండు దాటాక మెల్లగా కదలిక వచ్చింది. ఇద్దరు తమ వీడియోలు పక్కపక్కన పెట్టుకుని చూశారు. నీ మేడం ఏం చెప్పింది, నా మేడం ఇట్లా చెప్పిందే అనే మాటలు హాలంతా పాకాయి. భోజనం వేళకు ఇరవై ఆరుమందికి దొరికాడు. మూడున్నరకు ముప్పై తొమ్మిదిమందికి. చేతన మాత్రం కిటికీ పక్కన కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, వీడియో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూస్తోంది. నిన్న నేను చెప్పిన వరుసను అది అప్పుడే కొట్టిపారేసింది. ముప్పై ఒకటో నిమిషం, ముప్పై ఒకటో నిమిషం అని నా లోపల గడియారం కొట్టుకుంటోంది. నేను నోరు కదిపితే అది చదివేస్తుంది కదా. మేడం ఆ సంగతి గ్రహించి నా కుర్చీని గోడవైపు తిప్పించారు.

అయిదుకు ఇరవై నిమిషాలు తక్కువగా అది లేచింది. నేను కుర్చీ ఇటు తిప్పుకున్నాను. బోర్డు దగ్గరికి పోయి వరుస రాసింది. స్విచ్, ఐసోలేటర్, తాళం, టెస్టర్, ఎర్త్ రాడ్. మేడం నిమిషాలు రాయడానికి సుద్దముక్క తీసుకుని బోర్డు మూలకు నడిచారు.

"ఇది పదకొండు గంటలకే దొరికింది మేడం," అంది చేతన. "ఇంకొకడు ఉండాడు. వాని కోసమే చూస్తాంటి."

తన వీడియోను హాలు తెర మీద వేసింది. పెద్ద తెర మీద మేడం పాఠం ముగించారు. గొంతు ఆగింది. కింద అక్షరాలు ఆగాయి. కానీ మేడం పెదాలు కదులుతూనే ఉన్నాయి. నేను ఆ వీడియో లాగులన్నీ చదివాను గానీ ఒక్కసారీ ఆ బొమ్మను కూర్చుని చూడలేదు. మా అమ్మాయి కళ్ళు ఎప్పుడూ పెదాల మీదే ఉంటాయి, బొమ్మ తెగితే దాని కనుబొమలు ముడిపడతాయి. అందుకని దాని ఒక్కదానికే ప్రోగ్రాం ప్రశ్న దగ్గర బొమ్మను కోయలేదు. ప్రశ్న అడిగే గొంతును తీసేసి, అక్షరాలను చెరిపేసి, సరిదిద్దిన ముక్కను మాత్రం కోసి, మెల్లగా తర్వాతి పాఠంలో కలిపేసింది.

మేడం తన మొహాన్నే తెర మీద చూస్తూ, "ఏమంటాండానో చదివినావా పాపా?" అని అడిగారు.

"దొంగ యాడుండాడో పట్టుకోండి అంటాండారు. ముప్పై రెండు పాఠాల్లోనూ అంటాండారు. పొద్దున్నుంచి అన్నీ తీసి చూసినా."

"ఇంతకు ముందు ఎన్నడూ కనపడలేదా?"

చేతన నా వైపు చూసింది, మేడం వైపు కాదు. "మొదటి పాఠంలోనే కనపడింది. మాట వినపడలేదు, కింద అక్షరాల్లోనూ లేదు. నేనే తప్పు చదివినాననుకుంటి. నాకెప్పుడూ అట్లే అవుతాది కదా నాయనా."

దాని కోసమే చేశాననుకున్నాను ఇదంతా. పదిమందిలో తన కళ్ళను తానే నమ్మలేని పిల్లకు, నీ కళ్ళు తప్పు అని ఏడాదిన్నర పాటు ముప్పై రెండుసార్లు చెప్పే యంత్రాన్ని నా చేత్తో కట్టి ఇచ్చాను. అందరి ముందే ఏడ్చాను. ముప్పై తొమ్మిదిమంది పిల్లలు మర్యాదగా కిటికీల్లోంచి బయటికి చూశారు.

మేడం బోర్డు మూలన అరవై అని రాశారు. దాని కింద రెండో దొంగకు ఎంత రాయాలో తెలియక, సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడి, ఏమీ రాయకుండానే బల్ల మీద పెట్టేశారు.

తప్పు నాదని కమిటీకి నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. మేడం నోటీసు వెనక్కి పోయింది, నా మీద కొత్తది వచ్చింది. అనువును మూసేయమన్నవాళ్ళూ ఉన్నారు, తొంభై ఏడును ముట్టుకోవద్దన్నవాళ్ళూ ఉన్నారు. రెండూ చేయలేదు. వీడియో లేకపోతే పెట్రోల్ బంకు కుర్రవాడికి, మా చేతనకు చదువే లేదు. సూత్రం మార్చాను: ముడి పడితే ఆగు. విప్పాల్సింది వాళ్ళు. ఇప్పుడు ఎవరి వీడియో వాళ్ళు ఇంట్లో చూసి, వారానికొకసారి మేడం క్లాసుకు అందరూ కలిసి వస్తారు, దొంగలను అక్కడ పోగేస్తారు. పాసయ్యేవాళ్ళు ఎనభై నాలుగుకు దిగారు. ఆఫీసులో నా శాలువా ఫోటో ఎటుపోయిందో తెలియదు. ఇంతియాజ్ ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు, అక్షరం ఇంకా కుదరలేదు. వారానికొకసారి వాళ్ళింటికి పోతాను. వాళ్ళమ్మ టీ ఇస్తుంది, నాతో మాట్లాడదు.

ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ సోమవారం బస్సు నలభైమందితోనే బయల్దేరింది. బుధవారం మధ్యాహ్నం నా ఫోన్‌కు చేతన నుంచి ఒక ముక్క వచ్చింది: "నాయనా, ఈడ ఒకడు దొరికినాడు."

కంగారుగా వీడియో కాల్ చేస్తే నింపాదిగా చెప్పింది. పని మొదలుపెట్టే ముందు ఇచ్చే కాగితం మీద మూడో నంబరు లైన్ అని రాసి ఉందట, అక్కడ ఐసోలేటర్ తెరిచి ఆపింది నాలుగో నంబరుది. ఇంజనీరు ముందు విసుక్కున్నాడట, చెప్పింది చెయ్యమ్మా అని. ఇది కాగితాన్ని, నంబరు పలకను మార్చి మార్చి చూపించి, కదలకుండా నిలబడిందట. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, పని ఆపించి, కాగితం మళ్ళీ రాయించాడు.

ఆ మాట మేడంకు చెప్పడానికి పోతే, ఆమె ఖాళీ క్లాసురూంలో ఒక్కరే కూర్చుని రికార్డులు దిద్దుతున్నారు. అంతా విన్నారు. సంతోషమనలేదు, శభాష్ అనలేదు.

"ఎంతసేపు పట్టిందంట?" అన్నారు.

అడిగి చెప్పాను, నాలుగు నిమిషాలని. మేడం లేచి, సుద్దముక్క వెతుక్కుని, ఏ పాఠమూ లేని నల్లటి బోర్డు మూలన నాలుగు అంకె వేసి, మళ్ళీ వచ్చి రికార్డు తెరిచారు.